సబ్బుగదిలో పావుగంట

ఆమెన్ అనడానికి ఇంకా రెండు మాటలు మిగిలుండగానే తలుపు మీద దబదబా గుద్దారు.

మడతక్క కళ్ళు తెరవలేదు. బోర్లించిన సబ్బుపొడి డబ్బా మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, మొహం రెండు అరచేతుల్లో దాచుకుని ఉందామె. గది పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. చుట్టూ సబ్బుపొడి బస్తాలు, నీలిమందు సీసాలు, మూత సరిగా పట్టని బ్లీచింగు డబ్బా. ఆ ఘాటుకు కళ్ళు వాటంతటవే చెమరుస్తాయి. కొత్తగా చూసినవాళ్ళు ఆమె ఏడుస్తోందనుకుంటారు.

"ప్రార్థన అయిందా అమ్మా?" బయటినుంచి సూపర్‌వైజరు గొంతు.

"సగంలో ఉంది."

"మిగతా సగం మధ్యాహ్నం చేసుకుందువుగాని. అర్జెంటు."

"ఆయనతో మాట్లాడుతున్నాను. మీరు రెండు నిమిషాలాగండి."

సూపర్‌వైజరు ఆగాడు. ఆగక చేసేదేమీ లేదు. ఆ పావుగంట సంగతి ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీ మొత్తానికీ తెలుసు. ఆరింటికి మొదలయ్యే పనికి ఆమె పావు తక్కువ ఆరుకే వచ్చి సబ్బుగదిలో తలుపు వేసుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా అంతే. పనిలో చేరిన కొత్తలో ఇంట్లో రెండు గదులు, ఏడుగురు మనుషులు. అత్తగారి దగ్గు, మామగారి రేడియో, పిల్లల కొట్లాటలు. కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరో ఒకరు "తలనొప్పా?" అని అడిగేవారు. తలుపున్న గది, ఆ తలుపుకు లోపలి గడియ, ఆమెకు ఈ లోకంలో దొరికింది ఇక్కడొక్కచోటే.

ఆమె ప్రార్థన కూడా నలుగురిలో చేసే ప్రార్థనలా ఉండదు. సంఘంలో లేచి నిలబడి ప్రార్థించేటప్పుడు అందరిలాగే పెద్ద పెద్ద మాటలు వాడుతుంది. ఇక్కడ మాత్రం ఇంటి పెద్దన్నతో మాట్లాడినట్టే. బతిమాలడం తక్కువ, నిలదీయడం ఎక్కువ. భర్త చనిపోయిన ఏడాదైతే ఆ గదిలో దేవుణ్ణి ఆమె అనని మాట లేదు. అన్నీ అనేసి, కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, ఇవాళ్టికి నువ్వు నాతోనే ఉండు" అని లేచేది. ఆ పావుగంట లేకపోతే ఆ ఏడాది తను బతికుండేది కాదని ఆమె నమ్మకం. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

గడియ తీసింది. సూపర్‌వైజరు చేతిలో ఒక కాగితం ఉంది. అది రంగుల కాగితం. లాండ్రీకి రంగుల కాగితం వచ్చిందంటే ఏదో ముంచుకొచ్చినట్టే లెక్క.

"వెల్ఫేర్ మేడం పంపారు. పదకొండింటికి పైన హాల్లో సిబ్బందికి సదస్సు. 'పని ఒత్తిడిని ప్రార్థనతో జయించడం ఎలా.' నువ్వు మాట్లాడాలి."

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరున్నారమ్మా? నీ గురించి నేనే చెప్పా. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు మొహం మాడ్చుకోలేదని. మీ పాస్టరుగారు కూడా వస్తున్నారు. ఏం మాట్లాడాలో మేడమే రాసిచ్చారు, చూసి చదివితే చాలు."

మొహం మాడ్చుకోలేదా? మడతక్కకు నవ్వొచ్చింది. ఈయన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తన మొహం చూసి ఉంటే కదా.

"అరగంట నేను పైకొస్తే కింద వదిన ఒక్కతీ అయిపోతుంది. యంత్రం ఆపుతారా?"

"ఆపితే వార్డులకి దుప్పట్లెవరిస్తారు? ఉతుకుడు దగ్గర్నుంచి ఒక మనిషిని పంపిస్తాలే."

"ఖాయంగా పంపిస్తారా?"

"పంపిస్తానన్నా కదా!"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. పైన మేడం ఉంటుంది, పెద్ద అధికారులు ఉంటారు. వదిన సంగతి వాళ్ళ చెవిన వేయడానికి ఇంతకన్నా అదను దొరకదు. సరేనంది.

వదిన అంటే అన్న భార్యేమీ కాదు. దుప్పటికి అవతలి కొస పట్టుకునే మనిషి. పందొమ్మిదేళ్ళ కిందట ఆ మనిషి వచ్చి ఎదురుగా నిలబడి, "ఏం వదినా, లాగమంటావా?" అంది. అప్పట్నుంచి ఒకరికొకరు వదినలే. అవతలి వదిన పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించి, వాడికి పెళ్ళి చేసి, వాడింట్లోనే ఒక మూల మంచం వేసుకుని ఉంటోంది. సన్నగా, పొడుగ్గా, ఆరేసిన చీరలా ఉంటుంది. నోరు మాత్రం కత్తెర.

వాళ్ళ పని, మడతక్కకు ఆ పేరు తెచ్చిన పని, చెప్పడానికి తేలిక. పిండిన దుప్పట్లు అవతలి వైపు నుంచి కాలే ఉక్కు దుంగల మధ్యకు వెళతాయి. దుంగలంటే మనిషి నడుమంత లావున్న గొట్టాలు, నాలుగు, ఒకదానిమీద ఒకటి దొర్లుతుంటాయి. ఇవతలి వైపు దుప్పటి పొగలు కక్కుతూ బయటికొస్తుంది. చెరో కొసా అందుకోవాలి. ఒక్క విదిలింపు. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఒకరికేసి ఒకరు మూడడుగులు నడిచి, వదిన చేతిలోని అంచులు మడతక్క చేతిలోకి వస్తే, వదిన వంగి కింది మడత అందుకోవాలి. బల్ల మీద పెట్టేలోపు తర్వాతి దుప్పటి తల బయటపెడుతుంది. వేలికొసలు ఏనాడో మొద్దుబారాయి. వేడి తెలియదు. రోజుకు వెయ్యి దుప్పట్ల పైమాటే. అంటే రోజుకు వెయ్యిసార్లు వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నడిచి కలుసుకుంటారు. "మొగుడూ పెళ్ళాలు కూడా ఇన్నిసార్లు ఎదురుపడరే," అనేది వదిన.

నిరుడు దాకా ఈ పనికి నలుగురుండేవారు. ఇద్దరు అందుకుంటుంటే ఇద్దరు ఊపిరి పీల్చుకునేవారు. ఆ ఇద్దర్నీ తీసేశారు. నెత్తి మీద పెద్ద ఫ్యాను ఉండేది, వేడిగాలిని బయటికి లాగేది. అది ఆగి ఆరు నెలలైంది. దాని రెక్కలకు దూది పీచు గడ్డంలా పెరిగింది. ఆ ఫ్యాను కిందే, గోడమీద, వెల్ఫేర్ మేడం ఒక పటం అంటింపించింది: ఊపిరి పీల్చండి. నవ్వండి. ప్రశాంతంగా ఉండండి. ఫ్యాను తిరుగుతూ ఉంటే ఆ కాగితం అక్కడ అరరోజు కూడా నిలిచేది కాదు.

"పైన ఆఫీసులో నా కాగితం కదిలిందా?" ఆ ఉదయం మొదటి దుప్పటి అందుకుంటూ వదిన అడిగింది. రోజూ అడిగే మాటే. పై ఆఫీసంటే దేవుడి దగ్గర.

"చెప్పాను. వింటున్నాడు."

"వినడం మన సూపర్‌వైజరు కూడా వింటాడు." అంటూనే వదిన ఆగి, బల్ల అంచు పట్టుకుని, నోటితో గాలి పీల్చుకుంది. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. మడతక్క ఆ దుప్పటి రెండు కొసలూ తానే పట్టుకుని గెడ్డం కింద నొక్కి ఎలాగో మడిచేసింది.

వదిన గుండె కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదు. ఆ మాట చెప్పింది అదే ఆసుపత్రిలో, వాళ్ళ నెత్తికి సరిగ్గా ఐదంతస్తుల పైన కూర్చునే డాక్టరు. నిలబడే పని వద్దు, వేడి అసలే వద్దు, కూర్చునే పని ఇవ్వండని సంతకం పెట్టి రాసిచ్చాడు. కూర్చునే పని లేకపోలేదు. నడవా చివర కుట్టుగది ఉంది. చిరిగిన దుప్పట్లకు, గలీబులకు అతుకులు వేసే గది. అక్కడ కుట్టుపని చేసే ముసలామె పని మానేసి నాలుగు నెలలైంది. కుర్చీ ఖాళీ. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. కిటికీలోంచి గాలి కూడా వస్తుంది. ఆ కుర్చీ కోసం వదిన మూడు దరఖాస్తులు పెట్టింది. మొదటిదానికి జవాబు లేదు. రెండోది పోయిందన్నారు. మూడోదానికి "ఆ పోస్టు రద్దు అయినది" అని వచ్చింది.

పాస్టరుగారికి చెప్పుకుంటే ఆయన ఆసుపత్రి పెద్దలతో ఒక మాట అనగలడని మడతక్కే వదినను వెంటబెట్టుకు వెళ్ళింది. ఆయన మంచివాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "ఓర్చుకో తల్లీ, భారం ప్రభువు మీద వెయ్యి" అన్నాడు. బయటికొచ్చాక వదిన అంది, "వేస్తూనే ఉన్నాగా, అన్నీ ఆయనమీదేనా? ఈ ఆసుపత్రివాళ్ళమీద కొంచెమైనా వెయ్యొద్దా?" అప్పట్నుంచి మడతక్క ఆ ప్రశ్నను రోజూ పొద్దున్నే సబ్బుగదిలోకి మోసుకెళుతోంది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా ఆమె ముంజేతులు తుడుచుకుంది. "మనిషొస్తుంది. వచ్చేదాకా నెమ్మదిగా లాగు. ఆయాసమొస్తే ఎర్ర బటను నొక్కి కూర్చో. ఎవడేమన్నా సరే."

"వెళ్ళు వెళ్ళు. పెద్ద ప్రసంగానికి పోతూ నాకు జాగ్రత్తలు చెబుతావేం!" వదిన ఆమె జుట్టులో చిక్కుకున్న పీచు తీసి ఊదేసింది. "కుర్చీ సంగతి మరిచిపోకు."

పైన హాలు చల్లగా ఉంది. చెమటకు తడిసిన రవిక చల్లబడి మడతక్క వీపుకు అతుక్కుపోయింది. కుర్చీలకు తెల్ల తొడుగులు వేశారు. అవి తను మడిచినవే. నాలుగో వరుసలో ఒకదాన్ని ఎవరో తిరగేసి తొడిగారు. దాన్ని సరిచేయడానికి చెయ్యి వెళ్ళబోయి ఆగింది. వేదిక మీద ఇద్దరు అధికారులు, పాస్టరుగారు, వెల్ఫేర్ మేడం. ఆమె చక్కటి మనిషి. ఎవరినీ కసురుకోదు. నవ్వుతూ పలకరిస్తుంది. "రండమ్మా, మీరే మాకు ఆదర్శం" అంటూ మడతక్క చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. ఆ చేతికి మడతక్క వేళ్ళ గరుకు తగిలి ఒక్క క్షణం ఉలిక్కిపడింది కూడా.

మేడం తెరమీద బొమ్మలు చూపిస్తూ చాలాసేపు చెప్పింది. ఒత్తిడి అనేది బయట ఉండదట, మన మనసులోనే ఉంటుందట. రోజూ కొంచెంసేపు ఏకాంతంగా ప్రార్థన చేసుకుంటే ఎంత పనైనా తేలిగ్గా అనిపిస్తుందట. ఫిర్యాదులు తగ్గుతాయట, సెలవులు తగ్గుతాయట. మడతక్క వింటూ కూర్చుంది. వింటున్నకొద్దీ ఒళ్ళు మండింది. తలుపు వేసుకుని తాను దాచుకున్న ఒకే ఒక్క వస్తువును ఎవరో బయటికి తెచ్చి, ఇస్త్రీ చేసి, వాళ్ళకు కావలసిన కొలతకు మడిచి అందరికీ చూపిస్తున్నట్టుంది.

ఆమె వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. చదవలేదు.

"అందరికీ వందనాలు. నాకు మాట్లాడ్డం రాదు. మడతపెట్టడం వచ్చు."

నవ్వులు వినిపించాయి. మేడం కూడా నవ్వింది.

"రోజూ పావుగంట ప్రార్థన చేసుకుంటానన్నది నిజమే. అది లేకపోతే నేను ఏనాడో మట్టి కొట్టుకుపోయేదాన్ని. మా ఆయన పోయినప్పుడు గుండెల మీద ఒక బరువుండేది. దాన్ని దేవుడి దగ్గరే దించుకున్నా. మీరెవరూ ఎత్తగలిగేది కాదది. కానీ ఈ కాగితంలో రాసిన బరువు వేరే. నలుగురి పని ఇద్దరం చేస్తున్నాం. ఆ బరువు దేవుడు పెట్టలేదండీ. మీరు పెట్టారు. మీరు పెట్టింది మీరే దించాలి. మధ్యలోకి ఆయన్నెందుకు లాగుతారు?"

ఒక అధికారి గడియారం చూసుకున్నాడు.

"ఫ్యాను ఆగిపోయి ఆరు నెలలైంది. పొద్దున్నే దేవుడికి చెప్తున్నా. ఆయన నిచ్చెనేసుకుని ఎక్కాలా? కుట్టుగదిలో కుర్చీ ఖాళీగా ఉంది. నా వదినకి గుండె బాగాలేదు. కూర్చోబెట్టమని మీ డాక్టరే రాశాడు. ఆ మనిషిని కూర్చోబెట్టడానికి అద్భుతాలేం జరగక్కర్లేదు. ఒక సంతకం చాలు." ఆమె చదవని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "ఈ బరువు ఎవరిమీద వెయ్యమంటావని పొద్దున ప్రభువునే అడిగాను. ఆమెన్ అనేలోపు తలుపు కొట్టారు. అందుకని జవాబు సగమే విన్నా. ఆ సగం ఇది."

వెనక వరుసలో ఊడ్చేవాళ్ళలో ఒకామె గట్టిగా చప్పట్లు కొట్టింది. పక్కనున్న ముగ్గురు కలిశారు. తర్వాత అవీ ఆగిపోయాయి. పాస్టరుగారు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. మేడం నవ్వు చెదరలేదు. "చాలా మంచి సూచనలమ్మా, రాసుకున్నాం," అంది. ఏమీ రాసుకోలేదు. పెన్ను మూత కూడా తీయలేదు.

మడతక్క మెట్లు దిగింది. ఒక్కో అంతస్తూ దిగుతున్నకొద్దీ గాలి బరువెక్కుతోంది. చివరి మలుపు తిరిగేసరికి యంత్రం రొద వినిపించింది. అంతా మామూలుగానే ఉందనుకుంది. తలుపు తోసింది.

యంత్రం తిరుగుతూనే ఉంది. దుప్పట్లు ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చి నేల మీద పడుతున్నాయి. ఎవరూ అందుకోవడం లేదు. మోకాలెత్తు గుట్ట పేరుకుపోయి ఉంది. దుప్పట్లు లోపలికి పెట్టే ఆడవాళ్ళకు యంత్రం అడ్డం. వాళ్ళకు ఇవతలి వైపు కనపడదు. ఉతుకుడు దగ్గర్నుంచి రావలసిన మనిషి రాలేదు. మడతక్క ఎర్ర బటను మీద అరచేత్తో చరిచింది.

వదిన సబ్బుగదిలో ఉంది. బోర్లించిన డబ్బా మీద, బస్తాలకు వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంచింది, మనిషొస్తే కనపడాలని కాబోలు. కళ్ళు సగం మూసుకున్నాయి. మడతక్క రెండుసార్లు పిలిచింది. చెంప మీద చెయ్యి వేసింది. మొద్దుబారిన తన వేళ్ళకు వేడీ చల్లనా తెలియవు. అందుకని తన చెంప తెచ్చి ఆ చెంపకు ఆనించింది. అప్పుడు తెలిసింది.

కేక విని జనం వచ్చారు. ఐదంతస్తుల పైనుంచి డాక్టరు నాలుగు నిమిషాల్లో దిగొచ్చాడు. ఆయనతోపాటు ఇద్దరు నర్సులు, ఒక బండి. నాలుగు నెలలుగా రాని వాళ్ళందరూ నాలుగు నిమిషాల్లో వచ్చారు. పది నిమిషాలు ఛాతీ మీద నొక్కి, డాక్టరు లేచి నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"పంపిద్దామనే అనుకున్నానమ్మా," సూపర్‌వైజరు అన్నాడు. "అక్కడ కూడా ఒక మనిషి తక్కువైంది..." ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైనవే. మడతక్క వాటిని చూసింది.

మేడం కూడా దిగొచ్చింది. ఆ వేడికి గుమ్మంలోనే ఆగిపోయి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక మెల్లగా అంది, "అందరం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. అమ్మా, మీరు ప్రార్థన చేయించండి. అందరికీ కొంచెం శాంతిగా ఉంటుంది."

మడతక్క తల తిప్పి ఆమెను చూసింది.

"నేను చేయించను మేడం. మీ శాంతి కోసం నేను ప్రార్థన చేయించను. మీరు పైకెళ్ళండి."

మేడం ఏదో అనబోయి, మానేసి, వెళ్ళిపోయింది. పాస్టరుగారు మాత్రం వెళ్ళలేదు. ఎప్పుడొచ్చాడో, తడినేల మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. "నేను ఒక్క మాట అడగాల్సింది," అన్నాడు ఎవరితోనో. ప్రార్థనేమీ చేయలేదు. బండి మీద వదినను పడుకోబెట్టి తీసుకెళ్ళేటప్పుడు లేచి, తానే ఒక పక్క పట్టాడు.

రెండింటికి సూపర్‌వైజరు గొణుక్కుంటూ వచ్చాడు. వార్డుల్లో దుప్పట్లు అయిపోయాయట, యంత్రం వెయ్యమని పైనుంచి కబురట. మడతక్క యంత్రానికి వీపు ఆనించి నిలబడింది. లోపలికి పెట్టే ఆడవాళ్ళు ఇద్దరూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఉతుకుడు దగ్గరవాళ్ళూ వచ్చారు.

"ఆ ఫ్యాను తిరిగేదాకా, ఇక్కడ నలుగురు నిలబడేదాకా ఈ బటను ఎవరూ ముట్టుకోరు," అంది మడతక్క. అరవలేదు. "రోగులకి దుప్పట్లు లేవని నాకూ తెలుసు. వాళ్ళ ఉసురు మనకి తగలకూడదనే చెప్తున్నా, తొందరగా కానివ్వండి."

కరెంటు మనిషి నిచ్చెనతో వచ్చాడు. గడ్డం పెరిగిన రెక్కల మధ్య చెయ్యి పెట్టి, తెగిపోయిన రబ్బరు పట్టీ ఒకటి బయటికి లాగాడు. కొత్తది తొడిగాడు. ఎక్కి దిగడానికి ముప్పావుగంట కూడా పట్టలేదు. ఫ్యాను రెండుసార్లు మూలిగి తిరగడం మొదలుపెట్టింది. దూది పీచు మంచులా రాలింది. గోడమీది పటం ఒక మూల లేచి, టపటపా కొట్టుకుని ఊడి కింద పడింది. పైనుంచి ముగ్గురు మనుషుల్ని పంపారు. ఆ రబ్బరు పట్టీ మడతక్క అరచేతిలో ఉంది. ఆరు నెలలు. ఈపాటి దానికి ఆరు నెలలు.

పని దిగేముందు ఆమె సబ్బుగదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. డబ్బా మీద కూర్చోలేకపోయింది. నిలబడే కళ్ళు మూసుకుంది. పళ్ళబిగువున అంది:

"ప్రభువా, నన్ను చల్లార్చకు. మిగతా ఏమైనా చెయ్యి. ఈ మంట మాత్రం ఇలాగే ఉండనీ. రేపు మళ్ళీ వస్తా, ఎల్లుండి వస్తా. వాళ్ళు ఆ కుర్చీలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టేదాకా నేను నీతోనూ ఊరుకోను, వాళ్ళతోనూ ఊరుకోను."

ఆమెన్ అంది. ఈసారి తలుపు ఎవరూ కొట్టలేదు.

వదిన తమ్ముడు బయట ఎదురుచూస్తున్నాడు. అతనికి ఇవ్వడానికని మేకుకు తగిలించిన వదిన పై అంగీ తీసి మడతపెట్టబోయింది. జేబులో ఏదో గట్టిగా తగిలింది. బయటికి తీసింది. కొత్త కళ్ళజోడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునేది. ఎడమ అద్దం మీద దుకాణంవాడు అంటించిన చిన్న తెల్ల చీటీ ఇంకా ఊడదీయలేదు.